లాంతరువాడు పడే చోటు

జూన్ 4

చిన్నా,

ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద ఈసారి నావల్ల కాదు. క్షేమంగా ఉన్నది నేనూ, నా కొత్త కంప్యూటరూ. మీ అన్నయ్య సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. మీ డ్యామ్ దగ్గర ఫోను పలకదు. పలికినా ఈ రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడితే చాలు, ఆయనకు వినపడుతుంది. అందుకని కాగితం మీద పడ్డాను.

మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారనీ, లోపల ప్లేటు వేశారనీ నీకు తెలుసు. కట్టు విప్పేసి చాలా రోజులైంది. ఎముకల డాక్టరు ఎక్స్-రే వెలుతురుకి పెట్టి చూసి, "చెయ్యి భేషుగ్గా అతుక్కుంది, ఇక పనిలోకి వెళ్ళండి" అన్నాడు. ఈయన వెళ్ళడం లేదు. రబ్బరు బంతి పిసుక్కుంటూ కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. పళ్ళ సెట్లు చేయడమంటే మైనం మీద వెంట్రుకవాసి గీత కూడా తప్పకూడదట. "చెయ్యి మునుపటిలా ఉందో లేదో తెలియకుండా ఒకరి నోట్లో పెట్టే వస్తువు చేయను" అంటారు.

ఆయన పనిచేసే పళ్ళ లాబ్ డాక్టరుగారు మంచాయన కాబట్టి ఇన్నాళ్ళు ఆగారు. ఈయన బదులు తాత్కాలికంగా పెట్టుకున్న కుర్రాడు చేసిన సెట్టు పెట్టుకుని, ఒక రిటైర్డ్ జడ్జిగారు మాట్లాడుతుంటే ఈల వస్తోందట. అయినా ఎన్నాళ్ళు ఆగుతారు చెప్పు. డాక్టరుగారు పొరుగూరు వెళ్తున్నారు, వచ్చే నెల రెండో వారంలో తిరిగొస్తారు. అప్పటికి వస్తానో రానో చెప్పమన్నారు. రానంటే ఇంకొకరిని చూసుకుంటారు.

ఇక అసలు విషయానికొస్తాను. నిన్న ఈయన అటక ఎక్కి, దుమ్ము కొట్టుకుని, ఒక నల్లటి ఫ్లాపీ పట్టుకుని దిగారు. దాని మీద చిన్నప్పటి కోడి గీతలతో 'లాంతరువాడు' అని రాసి ఉంది. ఇది ఆడి చూసుకుంటేగాని తన చెయ్యి సంగతి తేలదట. ఎక్స్-రే కన్నా ఇదే నమ్మకమట. "మా ఇంట్లో జ్వరం తగ్గిందో లేదో ఎప్పుడూ ఇదే తేల్చేది" అన్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

నా కంప్యూటరుకి ఫ్లాపీ పెట్టే కంతే లేదు. రిపేరు షాపతన్ని అడిగితే, "ఇది పెట్టుకోవడానికి మ్యూజియం కట్టాలమ్మా" అని నవ్వాడు. ఒకవేళ లోపలికి ఎక్కించినా ఇప్పటి సిస్టమ్ మీద నడవదని కూడా చెప్పాడు. నవ్వినవాడి ముందు బతిమాలడం ఇష్టంలేక వచ్చేశాను. ఫ్లాపీని సబ్బుపెట్టెలో దూది చుట్టి పంపుతున్నాను. పాత యంత్రాలతో కాపురం చేసేవాడివి, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

నీ వదిన

జూన్ 11

వదినకు,

నమస్కారాలు. సబ్బుపెట్టె క్షేమంగా చేరింది. మా వంటతను నిజంగా సబ్బే అనుకుని తీసుకెళ్ళబోయాడు. తపాలా వ్యాను దగ్గరికి పరిగెత్తి పట్టుకున్నాను.

నువ్వు అన్నయ్యని వెక్కిరించావు గానీ, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి పొద్దున్నే వెళ్ళిపోయేది. ఇంట్లో ఉన్న ఒక్క థర్మామీటరూ నేనే పగలగొట్టాను. మాలో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే లాంతరువాణ్ణి ఆడి చూసుకోవాలి. అదీ మా చట్టం. చేతిలో లాంతరు పట్టుకున్న చిన్న మనిషి, చీకటి గుహ, దారిలో గోతులు, గబ్బిలాలు, ఆ తర్వాత ఊగే వంతెన. మిగతాదంతా ఒక ఎత్తు, ఆ వంతెన ఒక ఎత్తు. బడికా మంచానికా అన్నది అక్కడే తేలిపోయేది. ఒళ్ళు బాగాలేని రోజున చెయ్యి ఎంత దాచినా దాగదు వదినా. అమ్మ కూడా సాయంత్రం రాగానే నుదురు ముట్టుకునేది కాదు, "లాంతరువాడు ఏమన్నాడు?" అని అడిగేది.

ఫ్లాపీకి బూజు పట్టింది. మా కంట్రోల్ రూమ్‌లో తాతలనాటి కంప్యూటరు ఒకటుంది. గేట్లు ఎత్తే పాత ప్రోగ్రాం దాని మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు. దానికి ఫ్లాపీ కంత ఉంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడిచి లోపలికి తోశాను. గరగరమని గొణిగింది, దగ్గింది, చివరికి అంతా కక్కేసింది.

షాపతను చెప్పింది కూడా నిజమే. ఇప్పటి సిస్టమ్‌కి ఈ పాత ఆట మాట అర్థం కాదు. దానికో ఉపాయం ఉంది. కొత్త కంప్యూటరు లోపల పాత కంప్యూటరు వేషం వేసే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. ఆట ఆ వేషాన్ని చూసి, తన కాలంలోనే ఉన్నాననుకుని హాయిగా నడుస్తుంది. నా లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. మొదట నత్తనడక నడిచింది. వేగానికి ఉన్న కట్టుబాట్లన్నీ తీసేసి, ఎంత సత్తువుంటే అంతా వాడుకోమని వదిలేశాను. అప్పుడు అచ్చం చిన్నప్పటిలాగే వచ్చింది. ఆ పాట వింటూ కాసేపు పనిమాట మరిచిపోయాను. మా ఇంజనీరుగారు వెనకాల నిలబడి దగ్గేదాకా తెలియలేదు.

పెన్ డ్రైవ్‌లో అన్నీ సర్దిపెట్టాను. లాంతరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే చాలు. అన్నయ్యకి నా మాటగా చెప్పు, గబ్బిలాల దగ్గర తొందరపడొద్దని.

నీ మరిది

జూన్ 18

చిన్నా,

ఆశీస్సులు. నీ లాంతరు వెలిగింది. మీ అన్నయ్య ముఖమే వెలగలేదు.

బొమ్మ మీద నొక్కగానే నల్లటి తెర, గుహ, అన్నీ వచ్చాయి. నేను చూస్తూ నిలబడితే, "నువ్వుంటే చెయ్యి తడబడుతుంది" అని నన్ను వంటింట్లోకి పంపించారు. చప్పుడు కూడా ఆపేశారు, ఓడిపోతే నాకు వినపడకుండా ఉండాలని కాబోలు. నేను గిన్నెలు సర్దడం పూర్తికాకముందే బయటికి వచ్చేశారు. ఏమైందంటే, "ఏం లేదు" అన్నారు. ఆయన ఏం లేదన్నారంటే చాలా ఉందని అర్థం.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి నేనే గట్టిగా అడిగితే చెప్పారు. మొదటి గొయ్యే దాటలేకపోతున్నారట. ఎగరాలని అనుకునేలోపే లాంతరువాడు లోపల పడి ఉంటున్నాడట. "మెదడు చెప్పేది చేతికి చేరడం లేదు" అన్నారు. ఆట పాడైపోయిందేమో, బూజు పట్టిందన్నాడు కదా మీ తమ్ముడు అన్నాను. "ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని కాదు నేను. ఆట బాగానే ఉంది" అని నా నోరు మూయించారు.

మైనం చెక్కే కత్తులు, చిన్న చిన్న గరిటెలు అన్నీ తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు. స్నేహితుడి మందుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగం ఉందట, రమ్మంటున్నాడట. అది తక్కువ పనని నేననను. కానీ నోట్లో పెట్టుకున్న సెట్టుతో ఎవరైనా నవ్వి చూపిస్తే, ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చే మనిషి ఈయన. మందులు అందించి ఎవరి నవ్వు చూస్తారు?

నాకు భయంగా ఉంది చిన్నా. ఏం చెప్పాలో నువ్వు రాయి.

నీ వదిన

జూన్ 23

వదినకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివాక మళ్ళీ ఆట తెరిచి కూర్చున్నాను. మొదటి గొయ్యా? ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో కూడా ఆయన మొదటి గొయ్యి కళ్ళు మూసుకుని దాటేవాడు. నేను ఇక్కడ ఎన్నిసార్లు ఆడినా ఆట బ్రహ్మాండంగా ఉంది, దానిలో వంక లేదు. అంటే వంక ఎక్కడుందో ఒప్పుకోక తప్పదు.

నాకు తోచింది చెబుతాను, కోప్పడకు. ఎముక అతుక్కుని ఉండొచ్చు, నరం దెబ్బతిని ఉండొచ్చు. నరాల డాక్టరుకి చూపించండి. అంతవరకు లాబ్ పని మీద ఆశ పెట్టుకోవద్దు. మందుల దుకాణం మర్యాదైన పని, నీడపట్టున కూర్చోవచ్చు. అన్నయ్యకి పట్టుదల ఎక్కువ కాబట్టి మెల్లగా నచ్చజెప్పు. చెయ్యి మునుపటిలా కాకపోయినా మనిషి మనకి దక్కాడు కదా, అదే చాలనుకుందాం.

ఈ ఉత్తరం ఆయన కంట పడనీయకు.

నీ మరిది

జూన్ 28

చిన్నా,

ఆశీస్సులు ఈసారికి అప్పు పెట్టుకో.

కంట పడనీయకు అని ఉత్తరం అడుగున రాస్తే ఏం లాభం, ముందు కవరు మీద నీ దస్తూరి కనపడుతోందిగా. నేను దిద్దిన పెళ్ళి ఫోటోలు స్టూడియోకి ఇచ్చి వచ్చేసరికి ఆయన చేతిలో ఉంది. అంతా చదివేశారు. కోప్పడితే బాగుండేది. కాగితం మడతలు సరిచేసి నాకిచ్చి, "వాడికీ అర్థమైపోయింది" అన్నారు. అసలే గోరుచుట్టు, దాని మీద నీ రోకటిపోటు.

ఆ సాయంత్రమే కూర్చుని, ఎడమచేత్తో కాగితం పట్టుకుని కుడిచేత్తో మెల్లమెల్లగా రాశారు. ఇక రాలేనని, కుర్చీ ఇంకెవరికైనా ఇమ్మని. డాక్టరుగారు ఊరి నుంచి రాగానే తనే వెళ్ళి చేతికిస్తారట. కవరు అలమారలో బట్టల మీద పెట్టారు. నేను రోజూ చీర తీసుకునేటప్పుడల్లా దాన్ని చూడాల్సొస్తోంది.

నీ మీద కోపం, ఆ ఆట మీద కోపం. ఇందులో ఏముందో చూద్దామని నేను కూడా కూర్చుని ఆడాను. నాకు ఇలాంటివి రావు కాబట్టి నా సంగతి లెక్కలోకి తీసుకోకు. బాణం బటను అలా తాకానో లేదో ఆ మనిషి గోతిలో ఉన్నాడు. మళ్ళీ మొదలుపెట్టి, ఏదీ ముట్టుకోకుండా ఊరికే చూద్దాం కదా అని కుర్చీ ముందుకి జరుపుకున్నాను. కూర్చునేసరికే లాంతరులో చమురు అడుగంటి చీకటైపోయింది. చప్పుడు పెడితే పాట కాదది, ఉడుకుతున్న కెటిల్ కూత. దీన్ని మీ అమ్మగారు ఎలా భరించారో.

ఇంకో మాట. డాక్టరుగారు వచ్చేదాకా నువ్వు నచ్చజెప్పే ఉత్తరాలేవీ రాయకు. ఇక నీ ఓదార్పు నేను తట్టుకోలేను.

నీ వదిన

జూలై 2

వదినా,

నమస్కారాలు, క్షమాపణలు, అన్నీ కలిపి. ఆ కవరు అలమార దాటనీయకు. ఇదొక్కటి ముందు చదివి, కవరు దాచేసి వచ్చి మిగతాది చదువు.

చమురు అయిపోయిందన్నావు చూడు, అక్కడ ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ చమురు మా చిన్నప్పుడు అమ్మ తల దువ్వుకుని, జడ వేసుకుని, ముడి చుట్టుకునేదాకా వచ్చేది. కుర్చీ జరుపుకునేలోపు అయిపోవడమేమిటి? పాట కెటిల్ కూతలా ఉండటమేమిటి? అది తాపీగా సాగే పాట వదినా, నిద్రపట్టించే పాట.

తప్పు అన్నయ్య చేతిది కాదు. నాది. ఆ కాలం ఆటలు చాలావాటికి తమ సొంత గడియారం ఉండదు. కంప్యూటరు ఎంత వేగంగా నడిస్తే అవీ అంత వేగంగా నడుస్తాయి. అప్పటి కంప్యూటర్లు నెమ్మది కాబట్టి సరిపోయింది. నేను వేగానికి ఉన్న కట్టుబాట్లన్నీ తీసేశానని రాశాను కదా. నా లాప్‌టాప్ ముసలి ఎద్దు. ఎంత అదిలించినా అది నడిచేది ఆ పాత నడకే, అందుకే నాకు అచ్చుగుద్దినట్టు కుదిరింది. నీదేమో పెళ్ళి ఫోటోలు దిద్దడానికి కొన్న పందెపు గుర్రం. దాని మీద లాంతరువాడు పరిగెత్తలేదు, తుపాకీ గుండులా వెళ్ళాడు. దాని ముందు ఎవరి చెయ్యి ఆగుతుంది? నా రెండు చేతులూ పెట్టినా మొదటి గోతిలోనే పడతాను. పాపం చప్పుడు ఆపేసుకోకపోతే అన్నయ్యే పట్టేసేవాడు, ఆ పాట ఆయనకి చెవిలో ఉంటుంది.

ఆడలేక మద్దెల ఓడు అనని మనిషికి, ఈసారి నిజంగా మద్దెలే ఓడు. వెళ్ళి చెప్పు.

ఇప్పుడు చెయ్యాల్సింది తేలిక. ఆట తెరిచాక కంట్రోల్ బటను నొక్కి పట్టుకుని, పై వరసలో ఎఫ్ పదకొండు నొక్కుతూ పో, వేగం తగ్గుతుంది. ఎఫ్ పన్నెండు నొక్కితే పెరుగుతుంది. తెర మీద ఆట కిటికీ పైఅంచున ఒక అంకె కనపడుతుంది. అది మూడు వేల దగ్గర ఆపితే మా చిన్నప్పటి నడక. చప్పుడు మాత్రం తప్పకుండా పెట్టు.

జీపు డ్రైవరు ఇప్పుడే టౌనుకి వెళ్తున్నాడు, ఇంజను ఆపకుండా నా కోసం నిలబడ్డాడు. ఇంత ఊపిరి తీసుకోకుండా నేనెప్పుడూ రాయలేదు. మూడు వేలు, మరిచిపోకు.

నీ మరిది

జూలై 10

చిన్నా,

బోలెడన్ని ఆశీస్సులు. పోయినసారి ఎగ్గొట్టినవి కూడా ఇందులో కలుపుకో.

నీ ఉత్తరం అందగానే, నువ్వు చెప్పినట్టే ముందు కవరు తీసి నా స్వెట్టర్ల కింద దాచాను. ఆయన స్నానానికి వెళ్ళగానే ఆట తెరిచి, నువ్వు చెప్పిన బటన్లు నొక్కాను. పైనున్న అంకె మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చింది. మూడు వేల దగ్గర ఆపాను. పాట నిజంగానే బాగుంది, ఆ కెటిల్‌లోంచి ఇలాంటిది వస్తుందని ఎవరనుకుంటారు? అక్కడితో ఆగితే నేను నీ వదినని ఎలా అవుతాను. నాకో ఆలోచన వచ్చింది. ఇంకాస్త తగ్గిస్తే ఇంకాస్త తేలిక కదా, మొదటిసారే వంతెన దాటేస్తే ఆయనకి ధైర్యం వస్తుంది కదా అనుకున్నాను. పుణ్యానికి పోతే పాపం ఎదురవుతుందా అనుకుని రెండు వేలకి దించేశాను.

ఆయన వచ్చాక నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి నవ్వారు, నమ్మిన నవ్వు కాదు. "నువ్వూ వాడూ కలిసి నన్ను చిన్నపిల్లాణ్ణి చేస్తున్నారు" అన్నారు. అయినా కూర్చున్నారు. నేను వంటింట్లోకి పోలేదు, పొమ్మన్నా పోనని తలుపు దగ్గరే నిలబడి దుప్పట్లు మడతపెట్టాను. మడిచిన దుప్పటే మళ్ళీ విప్పి మడిచాను.

మొదటి గొయ్యి దాటారు. రెండోదీ దాటారు. వీపు నిటారుగా అయింది. గబ్బిలాలొచ్చాయి, వంగి తప్పించుకున్నారు. తర్వాత ఆ వంతెన. పలకలు ఒక్కొక్కటే ఊడి కింద పడుతుంటే ఆయన ఒక్కొక్కటే దాటుకుంటూ అవతలి గట్టు ఎక్కేశారు. అక్కడ ఒక పెద్ద ఇనుప తలుపు, దాని పక్కన నిద్రపోతున్న కాపలావాడు. నేను దుప్పటి పడేసి చప్పట్లు కొట్టాను.

ఆయన కీబోర్డు మీదనుంచి చేతులు తీసేశారు. ముఖం మాడిపోయింది.

"ఈ తలుపేంటి?" అన్నారు.

"నాకేం తెలుసు, మీ ఆట కదా" అన్నాను.

"నేనీ తలుపు ఎప్పుడూ చూళ్ళేదు. నా జన్మలో ఈ వంతెన దాటలేదు."

దాటకపోతే మరి బడికి ఎలా వెళ్ళేవారని అడిగాను. దాటడం ఎవరడిగారు అన్నారు. ఆయన ఎప్పుడూ వంతెన మీద మూడో పలక దగ్గరే పడిపోయేవారట, నువ్వు రెండో పలక దగ్గరట. ఒంట్లో బాగుంటే ఎవరి పలక దాకా వాళ్ళు వెళ్ళగలరు. జ్వరముంటే ఆ ముందే ఎక్కడో పడతారు. అదీ మీ థర్మామీటరు. అయ్యా మరిదిగారూ, ఇంత పెద్ద ఉత్తరాలు రాశారు, గబ్బిలాల గురించి రాశారు, వంటతని సబ్బు గురించి రాశారు. మీరిద్దరూ ఆ వంతెన ఎన్నడూ దాటలేదన్న ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? గెలిపిస్తే చాలనుకుని నేను గెలిపించి కూర్చున్నాను.

"ఏం చేశావు?" అని నావైపు చూశారు. ఆ చూపుకి అబద్ధం నిలవదు. రెండు వేలని చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఉత్తరంలో నువ్వు రాసిన అంకె కూడా చూడలేదు. చెవి దగ్గరగా పెట్టి, ఆ పాట వింటూ, ఒక్కో నొక్కు నొక్కుతూ వేగం పెంచుకుంటూ పోయారు. ఒకచోట ఆగి, "ఇదీ" అన్నారు. పైన చూస్తే మూడు వేలకి కాస్త అటూ ఇటూ ఉంది.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఏం కావాలని దేవుణ్ణి కోరుకోవాలో కూడా తెలియలేదు. గోతులు దాటారు, గబ్బిలాలు దాటారు, వంతెన ఎక్కారు. మొదటి పలక. రెండో పలక. మూడో పలక మీద కాలు పెట్టగానే లాంతరువాడు కిందపడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మళ్ళీ ఆడారు. మళ్ళీ అదే పలక. మళ్ళీ ఆడారు. అదే పలక.

అప్పుడు నవ్వారు చిన్నా. మెట్ల మీద పడ్డాక ఆయన అలా నవ్వడం నేను వినలేదు. కుడిచెయ్యి ముఖం ముందు పెట్టుకుని, వేళ్ళు ముడిచి, తెరిచి, "నా చెయ్యే. ఇది నా చెయ్యే" అన్నారు. ఓడిపోయి అంత ఆనందించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను దుప్పట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంగానే.

కవరు ఎక్కడుందని అడిగితే తీసిచ్చాను. చింపేసి చెత్తబుట్టలో వేశారు. పెట్టెలోంచి కత్తులు తీసి, నూనె తుడుచుకుంటూ, "తమ్ముడు నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు, ముందు వాడి లాప్‌టాప్‌ని తీసుకెళ్ళమని రాయి" అన్నారు. రాశాను.

డాక్టరుగారు మొన్న ఊరి నుంచి వచ్చారు. నిన్న పొద్దున్నే ఈయన లాబ్‌కి వెళ్ళారు. ముందుగా ఆ జడ్జిగారి సెట్టే చేతికిచ్చారట. సాయంత్రం గుమ్మంలోకి వచ్చేసరికి చొక్కా నిండా పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టర్ పొడి, కనుబొమ్మల మీద కూడా. ఎలా జరిగిందని నేను అడగలేదు. వీధి మలుపు నుంచే ఈల వినపడింది. ఆ పొడి తడిస్తే గట్టిపడుతుంది, దులిపి దులిపి ఉతకాలి, ఎంత ఉతికినా చారలు పోవు. ఇవాళ ఆ చొక్కా ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క మాట కూడా సణగకుండా ఉతుకుతున్నాను.

నీ వదిన